సముద్రముపై గీత గీయునదెవరు?

భూమికి పొలిమేర రాయి ఉన్నది. ఒక రైతు గట్టు జరిపినచో ప్రక్క రైతు మరునాడే గుర్తించును; గొలుసు పట్టి కొలిచి తగవు తీర్చువారుందురు. సముద్రమునకు గట్టు లేదు, రాయి లేదు, పట్టా లేదు. నిన్న వల వేసిన చోటును నేడు అల చెరిపివేయును. అందుచేత మానవుడు చాలకాలముగా సముద్రమును ఎవరిదియు కాని సొత్తుగా, అనగా అందరిదియు అయిన సొత్తుగా, ఎంచుచు వచ్చినాడు. అట్టి సొత్తుకు కాపలా ఎవరు? పదిమంది భాగస్థులుండి, లెక్క వ్రాయువాడు ఒక్కడును లేని కొట్టు ఎంతకాలము నిలుచునో వ్యాపారము చేసిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

గడచిన కొన్ని దశాబ్దములలో ప్రభుత్వములు సముద్రముపై గీతలు గీయుట మొదలిడినవి. ఈ గీతకు ఈవల వేట సాగవచ్చును, ఆవల సాగరాదు అని శాసించిన చోట్లను సముద్ర రక్షిత ప్రాంతములందురు. ఈ సంచిక చదువు కుటుంబములు కాపురముండు తీరములకు ఇవి క్రొత్త కావు. ఒడిశాలో గహిర్‌మఠ, తమిళనాడులో మన్నారు సింధుశాఖ దీవులు, మహారాష్ట్రలో మాల్వణ్ - ఈ పేర్లు విన్నవారు మనలో పలువురుందురు. గీత మంచిదా కాదా అన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. దాని వెనుక మరియొక ప్రశ్న ఉన్నది. ఇంకను పుట్టని చేప కొరకు, ఇంకను పుట్టని మనుమల కొరకు, నేడు వల పట్టుకొని నిలిచినవాని చేయి పట్టి ఆపు అధికారము ఎవరికి ఉన్నది? శాస్త్రము తెలిసిన వానికా? ఓట్లతో వచ్చిన ప్రభుత్వమునకా? లేక నష్టము భరించవలసిన వాని చేతికే కలమిచ్చి, గీత నీవే గీయుమనవలెనా? మనకు చాల దూరమైన ఒక తీరమున ఈ పని రెండుమార్లు చెడి, మూడవమారు కొంతవరకు నెగ్గినది. ఆ కథ ముందు చూచి, పిమ్మట ఇంటి దగ్గరి తీరమునకు వచ్చుట మేలు.

అమెరికా పడమటి ఒడ్డున కాలిఫోర్నియా రాష్ట్రమున్నది. దాని తీరము పొడవు సుమారు 1,100 మైళ్ళు. ఒడ్డు నుండి మూడు సముద్రపు మైళ్ళ వరకు గల నీరు ఆ రాష్ట్రపు అధీనము. ఆ నీటి అడుగున రాళ్ళ సందులలో రాక్‌ఫిష్ అను చేపలు నివసించును. ఇందులో అనేక జాతులున్నవి. ఇవి మెల్లగా పెరుగును, ఆలస్యముగా ఈడేరును, చాలకాలము బ్రతుకును. కొన్ని జాతులు నూరేండ్లు దాటుట కూడ కలదు. గ్రుడ్లు పెట్టక బ్రతికిన పిల్లలనే ఈనును. వీనిలో వెర్మిలియన్ రాక్‌ఫిష్ అను ఎఱ్ఱని చేప లెక్క చూడదగినది. సుమారు 35 సెంటీమీటర్ల తల్లి లక్షన్నర పిల్లలను ఈనును. 60 సెంటీమీటర్ల తల్లి 17 లక్షలను ఈనును. పొడవు రెట్టింపైనను కాలేదు, సంతానము మాత్రము పదింతలు దాటినది. అనగా సముద్రములోని అసలు సొమ్మంతయు ఆ ముసలి తల్లుల కడుపులలో ఉన్నదన్నమాట. కాని పెద్ద చేపకే ధర ఎక్కువ, గాలమునకు పెద్దదే చిక్కవలెనని వేటగాని కోరిక. కనుక మొదట పోవునది అదే. వడ్డీ తినుచున్నామనుకొని అసలు తినువాని సంగతి ఎట్లు ముగియునో, అక్కడను అట్లే ముగిసినది. పడమటి తీరపు అడుగు చేపల వేట విపత్తులో పడినదని 2000 సంవత్సరము జనవరిలో అమెరికా ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చెను.

అంతకు కొన్ని నెలల ముందే, 1999లో, కాలిఫోర్నియా శాసనసభ సముద్ర జీవరక్షణ చట్టమును చేసినది. అప్పటికే ఆ తీరమున చిన్న చిన్న రక్షిత ప్రాంతములు కొన్ని ఉండెను. ఎవరికి తోచినప్పుడు వారు ఏర్పరచినవి. ఒకదానికి మరియొకదానితో పొత్తు లేదు. చట్టము చెప్పినది ఏమనగా: ఈ అతుకులు చాలవు, తీరము పొడవునను ఒకదానితో ఒకటి ముడిపడిన అల్లిక కావలెను, అది మంచి శాస్త్రము ఆధారముగా జరుగవలెను. మాట బాగున్నది. చిక్కంతయు దానిని అమలుజరుపుటలో వచ్చినది.

మొదటి ప్రయత్నము చదువుకొన్నవారు చేయు పనివలెనే జరిగినది. ప్రభుత్వ శాఖవారు శాస్త్రజ్ఞులను ఒక గదిలో కూర్చుండబెట్టిరి. వారు తమకు తెలిసినంతలో నిజాయితీగా పటములు గీసిరి. 2001 వేసవిలో ఆ పటములను బయటపెట్టి, రేవు పట్టణములలో సభలు చేసి, మీ అభిప్రాయము చెప్పుడనిరి. పెండ్లి నిశ్చయమై లగ్నపత్రిక వ్రాసిన పిమ్మట పిల్లను ఇష్టమేనా అని అడిగినట్లు! సభలకు వచ్చిన జాలరులు, వినోదమునకు గాలము వేయువారు, పడవలు అద్దెకిచ్చువారు ఆ పటములపై తమ వేట స్థలములను వెదకికొనిరి. తండ్రి చూపిన రాతిగుట్ట, తాత గుర్తుపెట్టిన మడుగు నిషేధపు రంగు క్రింద కనబడినవి. కేకలు లేచినవి. 2002 ఆరంభములోనే శాఖవారు ఆ పటములను చుట్టి ప్రక్కన పెట్టవలసి వచ్చెను.

ఆ శాస్త్రజ్ఞులు తప్పు చేసిరా? చేపల లెక్కలో వారు చేసిన తప్పు పెద్దది కాదు. తప్పు మరియొక చోట ఉన్నది. ఏ రాతిగుట్టలో ఏ చేప ఉండునో పుస్తకమున చూడవచ్చును. ఆ గుట్టపై ఏ ఊరివాడు ఆధారపడి ఉన్నాడో, చలికాలపు గాలిలో చిన్న పడవవాడు రేవు విడిచి ఎంతదూరము పోగలడో, ఆ ఒక్క గుట్ట మూసినచో అతడు ప్రాణము అరచేత పెట్టుకొని మరి పది మైళ్ళు పోవలసివచ్చునో లేదో - ఇవి పుస్తకములో లేవు. తెలిసినవాడు రేవులో ఉన్నాడు. అతనిని అడుగకపోవుట అమర్యాద అను మాట అటుండగా, అసలు లెక్కలోనే ఒక ఖాతా వ్రాయక వదలినట్లయినది.

రెండవ ప్రయత్నమును గూర్చి చెప్పుటకు ఎక్కువ లేదు. ఈమారు అన్ని వర్గముల వారిని ప్రాంతముల వారీగా కూర్చుండబెట్టిరి గాని ఖజానాలో డబ్బు లేకపోయినది. 2004 ఆరంభములో అదియు ఆగిపోయెను. మంచి ఉద్దేశమునకు కాగితము, దీపము, గుమాస్తా జీతము కూడ కావలెనని ఎందరో మరచిపోవుదురు.

అదే సంవత్సరము ఆగస్టులో మూడవ ప్రయత్నము మొదలైనది. ఈసారి పనిని మూడు చేతులకు పంచిరి. తీరమును భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు అక్కడి జాలరులు, గాలము వేయువారు, నీట మునిగి ఈదువారు, ప్రకృతి రక్షణ సంఘములవారు, రేవు అధికారులు మొదలైనవారితో ఒక బృందమును ఏర్పరచిరి. పటములు గీయు కలము ఈ బృందము చేతికిచ్చిరి. శాస్త్రజ్ఞుల మండలికి కలము ఇయ్యలేదు, కొలబద్ద ఇచ్చిరి. పటము మీరే గీయుడు, కాని అది ఈ కొలతకు నిలువవలెను అని చెప్పుటయే వారి పని. ప్రజాజీవితమున పేరుగన్నవారితో ఒక పెద్దల సంఘమును పైన కూర్చుండబెట్టి, వాదములు దారితప్పకుండ చూడుమనిరి. తుది నిర్ణయము మాత్రము చట్టము ప్రకారము రాష్ట్రపు ఫిష్ అండ్ గేమ్ కమిషన్‌దే.

శాస్త్రజ్ఞులిచ్చిన కొలత సామాన్యునికి కూడ తెలియునట్టిదే. రక్షిత ప్రాంతము తీరము వెంబడి కనీసము మూడు నుండి ఆరు మైళ్ళు ఉండవలెను. ఆరు నుండి పన్నెండున్నర మైళ్ళున్నచో మరింత మంచిది. ఎందుచేతననగా అంతకన్న చిన్నదైనచో తల్లి చేప దినమునకొకసారి గీత దాటి వలలో పడును. అటువంటి రక్షణ తలుపు లేని ధాన్యపుకొట్టు వంటిది. ఇక ఒక ప్రాంతమునకును ప్రక్క ప్రాంతమునకును నడుమ దూరము 31 నుండి 62 మైళ్ళకు మించరాదు. చేపపిల్లలు పుట్టిన పిమ్మట కొన్ని వారములు, కొన్ని జాతులలో కొన్ని నెలలు, ప్రవాహములో కొట్టుకొని పోవును. ఆ దూరములో వానికి మరియొక సురక్షితమైన మజిలీ దొరకవలెను. ఇసుక అడుగు, రాతి అడుగు, నాచు అడవి, లోతు నీరు - ప్రతి రకపు నివాసమునకును అల్లికలో చోటుండవలెను. దీనికి తోడు కాపలా శాఖవారు తమ మాట ఒకటి చెప్పిరి. గీతలు వంకరలు పోక తిన్నగా ఉండవలెను, ఒడ్డున కనబడు కొండకొమ్ముతోనో అక్షాంశముతోనో సరిపోవలెను. చేపకు తిన్నని గీత తెలియదు గాని, పడవ ఆపి జరిమానా వేయువానికి తెలియవలెను గదా!

ఇందులో వర్తకులకు ప్రత్యేకముగా నచ్చదగిన సంగతి ఒకటున్నది. జాలరికి మంచి వేట స్థలము వ్యాపార రహస్యము. ఏ ఊరి సంతలో సరకు చవుకగా దొరకునో ఏ వర్తకుడు పదిమందిలో చెప్పును? తన గుట్టలను చూపినచో పోటీవాడు అక్కడికి వచ్చునని ఒక భయము. చూపిన గుట్టనే ముందుగా మూయుదురేమో అని మరియొక భయము. చూపకపోయినచో తెలియక మూయుదురు! ఈ ముడిని విప్పుటకు జాలరులను ఒక్కొక్కరినే కలిసి, ఏ నీటికి ఎంత విలువ కట్టెదవని అడిగి, ఆ మాటలను గోప్యముగా ఉంచి, అందరివి కలిపిన మొత్తమును మాత్రమే పటముపై చూపిరి. ఇట్లు ఎవరి గుట్టు బయటపడకుండ ఏ గీతకు ఎంత నష్టమో లెక్క తేలినది. నమ్మకము ఉపన్యాసములతో రాదు. ఇటువంటి చిన్న ఏర్పాట్లతో వచ్చును.

మొదట నడితీరము తీసుకొనిరి. బృందములోనివారు నెలల తరబడి వాదించుకొనిరి. ఒకే పటమునకు అందరును ఒప్పుకొనలేదు, వేరు వేరు పటములు తయారైనవి. పెద్దల సంఘము వానిని చూచి సిఫారసు చేసినది, కమిషన్ మార్పులు చేసి తీర్మానించినది. 2007 సెప్టెంబరులో అక్కడ 29 రక్షిత ప్రాంతములు అమలులోకి వచ్చినవి. పిమ్మట ఒక్కొక్క భాగమే ముగించుచు 2012 డిసెంబరు నాటికి తీరమంతయు పూర్తి చేసిరి. మొత్తము 124 ప్రాంతములు. రాష్ట్రపు సముద్ర జలములలో నూటికి 16 పాళ్ళు. అందులోను సగమునకు కొంచెము మించి మాత్రమే వేట పూర్తిగా నిషిద్ధము. మిగిలిన చోట్ల కొన్ని రకముల వేట సాగవచ్చును.

ఈ పద్ధతిని పొగడువారు అక్కడితో ఆగిపోవుదురు. ఆగరాదు. సభకు రావలెనన్న జాలరి ఒక దినపు వేట మానుకొని రావలెను. ప్రకృతి సంఘపు ఉద్యోగికి ఆ దినము జీతము వచ్చును. ఇద్దరికిని ఒకే రకము కుర్చీ వేసినంత మాత్రమున ఇద్దరును సమానులైరని చెప్పవీలులేదు. పైగా ఈ పనికైన ఖర్చులో పెద్ద భాగము ధర్మనిధుల నుండి వచ్చినది. ఆ నిధులు ప్రకృతి రక్షణ కోరువారివి. తీర్పు చెప్పు సభకు ఒక పక్షమువారు పందిరి వేయించినచో రెండవ పక్షమునకు అనుమానము రాదా? వచ్చినది. దక్షిణ తీరమున వినోదపు వేటగాండ్ర సంఘములు కోర్టుకు కూడ వెళ్ళినవి. కోర్టులు పటములను కొట్టివేయలేదు. అనుమానము న్యాయమైనదా కాదా అని తేల్చుట కష్టము. డబ్బు లేక రెండవ ప్రయత్నము చచ్చిపోయినది, డబ్బుతో మూడవది నడిచినది, అనుమానము దానివెంటనే నడిచినది. దాత చేయి కనబడినంతవరకు అది పోదు.

ఇంతకన్న లోతైన చిక్కు ఇంకొకటి. పదిమంది కూర్చుండి రాజీపడిన మాట సత్యమగునా? నీవు రెండు మైళ్ళు విడువుము, నేను రెండు మైళ్ళు విడిచెదను అని పంచుకొనుటకు సముద్రము అన్నదమ్ముల ఇల్లు కాదు. కొలతకు తక్కువైన ప్రాంతము అందరును సంతోషముగా ఒప్పుకొన్నను చేపను కాపాడదు. చేపకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు, మాట లేదు. దాని తరపున మాటాడునది శాస్త్రజ్ఞుని కొలబద్ద ఒక్కటే. అందువలన ఆ కొలబద్దను ఎవరి మొగము చూచియు వంచరాదు. కాని అది జవాబు చెప్పగల ప్రశ్న ఒక్కటే - ఎంత కావలెను. ఎవరి వాటాలో నుండి తీయవలెను అన్నదానికి దాని దగ్గర జవాబు లేదు. నూటికి పదహారు పాళ్ళు ఏ రేవు ముందునుండి తీసినను చేపకు ఒకటే కావచ్చును. రేవువానికి ఒకటి కాదు. ఈ రెండు ప్రశ్నలను ఒకే నోటితో చెప్పబోయినందుననే మొదటి ప్రయత్నము చెడినది. శాస్త్రము పేరు చెప్పి నష్టము కూడ పంచిపెట్టువాడు తనకు లేని అధికారమును వాడుకొనుచున్నాడు. అట్లే జనాభిప్రాయము పేరు చెప్పి కొలత తగ్గించువాడు కూడ.

నష్టపోయిన వానికి సొమ్ము చెల్లించవలెనా? కాలిఫోర్నియావారు ఆ దారికి పోలేదు. ఆస్ట్రేలియావారు పోయిరి. 2004 జూలై 1న వారి గ్రేట్ బారియర్ రీఫ్ సముద్రవనములో వేట నిషేధము నూటికి అయిదు పాళ్ళ లోపు నుండి ముప్పదిమూడు పాళ్ళకు పెరిగినది. అంతకు ముందు రెండు విడతలుగా ప్రజల నుండి 31 వేలకు పైగా విన్నపములు అందుకొని, పటము మార్చి వ్రాసిరి. ఆపైన వేట కోల్పోయినవారికి, వారిపై ఆధారపడిన కొట్లవారికి పరిహారమిచ్చిరి. మొదట వేసిన అంచనాకు ఎన్నో రెట్లు పెరిగి ఆ మొత్తము 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటినది. ఎక్కువే. కాని పరోపకారము చేయునది దేశమంతయు అయినప్పుడు ఖర్చు కొద్ది పడవలవారి ఖాతాలోనే వ్రాయుట ఏ వ్యాపార ధర్మము?

మరల కాలిఫోర్నియాకు వచ్చినచో, ఉత్తర తీరమున జరిగినది అన్నింటికన్న ముఖ్యమైనది. అక్కడ యూరోక్ మొదలైన ఆదివాసి జాతులవారు తరతరములుగా ఒడ్డున ఆలిచిప్పలు, నాచు, చిన్న చేపలు ఏరుకొనుచున్నారు. అది వారికి తిండి మాత్రమే కాదు, పండుగ కూడ, పితృకార్యము కూడ. చట్టము చేసినవారి దృష్టిలో వేట రెండే రకములు - వ్యాపారము, వినోదము. వీరిది రెండును కాదు. మిమ్ములను కూడ బల్ల దగ్గర కూర్చుండుడని పిలిచినప్పుడు వీరి జవాబు వేరుగా నుండెను: మేము జాలరుల సంఘమువలె ఒక పక్షము కాము, ఈ గడ్డ మీద మీకంటె ముందున్న జాతులము, మా హక్కు మీరిచ్చినది కాదు కనుక మీరు తీసికొనలేరు. 2010 జూలైలో ఫోర్ట్ బ్రాగ్ పట్టణమున సభ జరుగుచుండగా వారు ఊరేగింపుగా వచ్చి నిలిచిరి. ఆశ్చర్యమేమనగా, తక్కిన భాగములలో ఎన్నడును జరుగనిది అక్కడ జరిగినది. జాలరులు, ప్రకృతి సంఘములు, ఆదివాసులు కలిసి ఒకే పటమును తయారుచేసిరి. 2012లో కమిషన్ కూడ ఆ జాతుల సంప్రదాయపు సేకరణకు పలు రక్షిత ప్రాంతములలో చోటు విడిచి నిబంధన వ్రాసినది. అడిగినచో పనులు ఆలస్యమగునని అధికారులు భయపడుదురు. అడుగు విధమే తప్పు అని చెప్పగలవాడొకడు ఉండుట ఇంకను ఆలస్యము. ఆ ఆలస్యమును సహించిన చోటనే ఒప్పందము కుదిరినది.

ఫలితమెట్లున్నదని పాఠకులు అడుగుదురు. 2007 నుండి ఆ తీరమున ఒక ఏర్పాటు నడుచుచున్నది. అద్దె పడవల యజమానులు, గాలము వేయు సామాన్యులు శాస్త్రజ్ఞులతో కలిసి గీతకు లోపలను వెలుపలను చేపలు పట్టి, కొలిచి, గుర్తు కట్టి, తిరిగి నీట విడిచెదరు. గాలము నోట గ్రుచ్చి కొలుచుట కూడ హింసయే. దానిని దాచవలసిన పనిలేదు. అయినను నిన్న పటమును తిట్టినవాడే నేడు దాని లెక్క వ్రాయుట చిన్న సంగతి కాదు, తన చేతితో కొలిచిన చేపను అబద్ధమనుట ఎవరికైన కష్టము. గీత లోపల చేపలు ఎక్కువగాను పెద్దవిగాను ఉండుట పలు చోట్ల కనబడినది. అన్ని చోట్ల కాదు. 2014 మొదలు 2016 వరకు ఆ సముద్రము విపరీతముగా వేడెక్కినది. ఉత్తర భాగమున నూటికి తొంబది పాళ్ళకు మించి నాచు అడవి నశించినది. సముద్రపు ముళ్ళకాయలు పెరిగిపోయి మిగిలినది తినివేసినవి. 2018లో అబలోన్ అను చిప్పల వేటను అక్కడ పూర్తిగా మూయవలసి వచ్చెను. పడవను ఆపు గీత వేడి నీటిని ఆపలేదు. ఆ వేడికి కారణమైన పొగ గొట్టములు వేటి యూరిలోనో ఉన్నవి. వాని యజమానులను ఏ బల్ల దగ్గరను ఎవరును కూర్చుండబెట్టలేదు. చిన్న పడవవాని త్యాగము కొలిచినంత సులభముగా పెద్దవాని బాకీ కొలువబడదు.

ఇక ఇంటి దగ్గరి తీరము. ఒడిశా ఒడ్డుకు ప్రతి సంవత్సరము ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల సంఖ్యలో వచ్చి గ్రుడ్లు పెట్టును. గహిర్‌మఠ, దేవీ నది ముఖము, ఋషికుల్య ముఖము - ఇవి వాని పుట్టిండ్లు. తాబేలు నీట నుండునదే గాని గాలి పీల్చవలెను. ట్రాల్ వలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. 1997లో ప్రభుత్వము గహిర్‌మఠను సముద్ర అభయారణ్యముగా ప్రకటించినది. విస్తీర్ణము 1,435 చదరపు కిలోమీటర్లు. అది కాక ప్రతి యేట నవంబరు 1 మొదలు మే 31 వరకు ధామ్రా, దేవీ, ఋషికుల్య ముఖముల దగ్గర ఒడ్డు నుండి 20 కిలోమీటర్ల లోపల మోటారు వేటకు నిషేధము. ఏడు నెలలు! ఏడు నెలలు కొట్టు మూయుమని తాఖీదు వచ్చిన వర్తకుడు ఏమి చేయునో ఊహించుట కష్టము కాదు. పూరీ మొదలు గంజాం వరకు ఆ ఒడ్డున వేట చేయువారిలో ఎన్నో కుటుంబములు తెలుగు మాటాడునవి. తాతల కాలమున ఆంధ్ర తీరము నుండి పోయి స్థిరపడిన వీరిని అక్కడివారు నోళియాలందురు. తాబేళ్ళను ఎక్కువగా చంపునది పెద్ద ట్రాలరు. ఇంధనము పోసుకొని దూరపు నీటికి పోగలవాడును అతడే. చిన్న పడవవాడు పోలేడు. ప్రభుత్వము కొంత సహాయపు సొమ్ము ఇచ్చుచున్నది.

చేప ముట్టని ఇండ్లవారికి ఇచ్చట ఒక ప్రమాదమున్నది. వేట ఆగినదని వినగానే మనసు చల్లబడును. ఎన్ని ప్రాణములు నిలిచినవో తలచుకొని సంతోషము కలుగును. ఆ సంతోషములో తప్పు లేదు. కాని దానికి మూల్యము చెల్లించినది మరియొకడు. తన పొయ్యి ఆరని వాని దయ, పొయ్యి ఆరిన వాని ఆకలి - ఈ రెంటిని ఒకే త్రాసులో తూచునప్పుడు తూకము వేయువాని చేయి ఎటు మొగ్గునో అనుమానించుకొనుట మంచిది. ఆకలిగొన్నవానికి అహింసను ఆజ్ఞగా పంపినచో అతనికి అందునది ఆజ్ఞ మాత్రమే.

మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నాటిది. అందులో ఒడ్డు ప్రక్క సముద్రమును అభయారణ్యముగా చేయునప్పుడు పాటింపవలసిన నియమము ఒకటున్నది: నౌకాదళపు జలపట అధికారిని సంప్రదించియు, స్థానిక జాలరుల వృత్తి ప్రయోజనములను కాపాడుటకు తగిన చర్యలు తీసికొనియు హద్దులు నిర్ణయించవలెనని. మంచి నియమమే. అయినను చదివి చూడవలెను. సంప్రదించవలసినది జలపటము గీయు అధికారిని, జాలరిని కాపాడవలెను. కాపాడుట వేరు, సంప్రదించుట వేరు. మాల్వణ్ తీరమున 1987లో 29 చదరపు కిలోమీటర్ల చిన్న అభయారణ్యమును ప్రకటించి దశాబ్దములు గడచినను అక్కడి జాలరులకును ప్రభుత్వమునకును మధ్య తగవు తెగలేదనుటలో ఆశ్చర్యమేమి?

ఋషికుల్య ముఖమున మాత్రము సంగతి కొంత వేరు. అచ్చట లక్షల తాబేళ్ళు గ్రుడ్లు పెట్టునని శాస్త్రజ్ఞులు గ్రంథస్థము చేసినది 1994లో. ఊరివారికి అంతకు ముందే తెలియును. అక్కడ అభయారణ్యము లేదు, గహిర్‌మఠవలె గీత లేదు. గ్రుడ్లు పగులు రాత్రులలో ఊరి దీపముల వెలుగు చూచి పిల్ల తాబేళ్ళు దారితప్పి సముద్రము విడిచి ఊరివైపు ప్రాకును. అప్పుడు ఆ పల్లెల కుఱ్ఱవాండ్రు బుట్టలు, బకెట్లు పట్టుకొని బయలుదేరి, వానిని ఏరి తెచ్చి అల అంచున విడిచెదరు. అటవీ శాఖవారును శాస్త్రజ్ఞులును వారితో కలిసి పనిచేయుదురు. 2023లో అక్కడ గ్రుడ్లు పెట్టుటకు వచ్చిన తాబేళ్ళు 6 లక్షలకు మించినవి. బుట్ట పట్టుకొని తిరుగు ఆ కుఱ్ఱవానిది కూడ జాలరి ఇల్లే. ఆ రాత్రి అతని తండ్రి మోటారు పడవ నిషేధము ప్రకారము ఇసుక మీదనే ఉండును, మే నెలాఖరు వరకు.